ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తోంది?

అత్తిలిలో ఒక చిన్న స్కూల్లో నేను కంప్యూటర్ టీచర్ని. నిడదవోలు నుంచి భీమవరం వెళ్లే రైలు దారిలో ఉంటుంది మా ఊరు. చుట్టూ వరి చేలు, కాలవలు, రైస్ మిల్లులు. మన వాళ్లలో మిల్లు పనికి వెళ్లేవాళ్లున్నారు, మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాళ్లున్నారు, ఇంట్లో కుట్టు మిషను మీద బతికేవాళ్లున్నారు. కొన్ని ఇళ్లలో ఒకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. ఆ ఇళ్లలో వీడియో కాల్ అందరికీ వచ్చు. దాని తర్వాత మెట్టు మాత్రం చాలామందికి రాదు.

సోమవారం నుంచి శనివారం దాకా ఒకటో తరగతి నుంచి పదో తరగతి వరకు పిల్లలకి చెబుతాను. ఆదివారం జుహర్ నమాజ్ అయ్యాక అదే గదిలో అమ్మీలు, ఖాలాలు, దాదీమాలు, అప్పుడప్పుడు మామూలు, చాచాలు కూర్చుంటారు. గదిలో పది కంప్యూటర్లుంటే ఎనిమిది పని చేస్తాయి. ఆదివారం అవి ఊరికే పడి ఉంటున్నాయి కదా, ఇజాజత్ ఇవ్వండి అని హెడ్మాస్టరు గారిని అడిగాను. కరెంటు బిల్లు సంగతేంటన్నారాయన. గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టాం. ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు. ఇంతవరకు బిల్లుకి లోటు రాలేదు, అల్హమ్దులిల్లాహ్.

కంప్యూటర్ తాలీమ్ అంటే ఉద్యోగం కోసం అని మన ఇళ్లలో అనుకుంటారు. అది నిజమే, కానీ సగమే. నాకు అంతకన్నా ముందు కనిపించేది ముహ్తాజీ. మన పని కోసం ఇంకొకరి గుమ్మం దగ్గర నిలబడటం. పెన్షన్, రేషన్, స్కాలర్‌షిప్, బ్యాంకు, హాల్ టికెట్, అన్నిటికీ ఇప్పుడు ఒక ఫోను, అందులో ఒక నంబరు, ఆ నంబరుకి వచ్చే ఆరంకెల ఓటీపీ కావాలి. అందుకే ఏ వయసు వాళ్లు క్లాసుకి వచ్చినా నా మొదటి సవాల్ ఒక్కటే: మీ ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తోంది?

ఒకసారి పదో తరగతి పిల్లల్ని అడిగితే సగానికి పైగా చేతులు లేవలేదు. ఒకమ్మాయి ఆధార్‌కి తణుకులో ఉన్న మామూ నంబరు ఉంది. ఇంకో అబ్బాయిది రీచార్జి చేయక పోయిన పాత నంబరు, అది ఇప్పుడు ఇంకెవరి దగ్గరో మోగుతోంది. కొందరికి అసలు ఏ నంబరు ఉందో తెలీదు. కిందటేడు మా స్కూల్లో చదివి ఇంటర్‌లో చేరిన ఒక బిడ్డ స్కాలర్‌షిప్ ఫారం నింపించుకోవడానికి ఒక నెట్ సెంటర్‌కి వెళ్లింది. తొందరగా అయిపోతుందని అక్కడి మనిషి తన నంబరే వేశాడు. నాలుగు నెలల తర్వాత ఆ కొట్టు మూసేసి ఆయన ఊరు మారిపోయాడు. ఫారంలో ఒక చిన్న గలతీ దిద్దాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ ఆయనకి పోతోంది. ఆ పిల్ల తండ్రి బండి మీద పండ్లు అమ్ముతాడు. ఆయన రెండు రోజులు బేరం మానుకుని బిడ్డని తీసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి నంబరు మార్పించుకున్నారు. ఆ ఏడు మాత్రం గడువు దాటిపోయింది. ఆ పిల్లకి చదువులో తక్కువేం లేదు. తన పేరుకి తాళంచెవి ఇంకొకరి జేబులో ఉంది, అంతే.

అందుకని నా క్లాసులో వయసుని బట్టి పాఠం మారుతుంది, నియ్యత్ మారదు. ఎవరి పని వాళ్ల చేతిలో ఉండాలి.

చిన్న బచ్చేలతో మొదలుపెడతాను. ఒకటి నుంచి మూడో తరగతి వాళ్లని మొదటి రెండు నెలలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టను. వాళ్లకి ముందు తర్తీబ్ రావాలి. ఏది ముందు, ఏది తర్వాత. "నేను ఏమీ తెలియని మెషీన్ని. నాకు చాయ్ పెట్టడం నేర్పండి" అంటాను. "స్టవ్ వెలిగించండి టీచర్" అంటారు. వెలిగిస్తున్నట్టు నటిస్తాను. "పాలు పోయండి" అంటారు. గిన్నె పెట్టమని చెప్పలేదు కాబట్టి పాలు మంట మీద పోసినట్టు చేస్తాను. గది గదంతా నవ్వు. రెండోసారి గిన్నె మర్చిపోరు. మన పిల్లలకి వుజూ ఉదాహరణ ఇస్తాను. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా, మసహ్, పాదాలు. ఏది ఎన్నిసార్లో వాళ్లకి నోటికొచ్చు. ఇలా వరసగా రాసుకున్న పనినే కంప్యూటర్ వాళ్లు అల్గారిథమ్ అంటారు, ఆ మాట బగ్దాద్‌లో ఉండి లెక్కల కితాబులు రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరులోంచి వచ్చింది అని చెబితే వాళ్ల కళ్లు మెరుస్తాయి. పన్నెండు వందల ఏళ్ల కిందటి మనిషి పేరు ఈరోజు ప్రతి ఫోన్‌లో పని చేస్తోందన్నమాట.

మా స్కూల్లో హిందూ పిల్లలూ ఉన్నారు, క్రైస్తవ పిల్లలూ ఉన్నారు. అందరికీ తెలిసింది ముగ్గు. చుక్కలు పెట్టి, ఇటు మూడు, అటు రెండు అని లెక్క పెట్టి గీత కలపడం వాళ్లు ఇంటి ముందు చూస్తూనే ఉంటారు. నేలమీద చుక్కలు పెట్టి ఒక పిల్లాడిని నిలబెట్టి "ముందుకు రెండడుగులు, కుడికి తిరుగు, ముందుకు ఒకటి" అని మిగతావాళ్లతో చెప్పిస్తాను. 1967లో అమెరికాలో సేమర్ పేపర్ట్, ఆయన తోటివాళ్లు లోగో అనే భాష తయారు చేసి తాబేలు చేత బొమ్మలు గీయించారు. నాది ముగ్గు తాబేలు. ఇది కుదిరాక స్క్రాచ్ జూనియర్, నాలుగో తరగతి నుంచి స్క్రాచ్. 2007లో వచ్చిన స్క్రాచ్ పిల్లల కోసమే చేసింది, డబ్బు కట్టక్కర్లేదు. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. కరెంటు, నెట్టు రెండూ నమ్మలేని చోట ఇది పెద్ద ఫాయిదా.

పెద్ద తరగతుల్లో నేను ఎక్కువ మెహనత్ పెట్టేది పేరు మీద. మన ఖౌమ్‌కి ఇది చాలా పెద్ద సమస్య, ఎవరూ పట్టించుకోరు. "షేక్" అని తెలుగులో రెండక్షరాలు. ఇంగ్లీషులో ఎస్, హెచ్, ఏ, ఐ, కే అని ఒకరు రాస్తారు. చివర ఇంకో హెచ్ తగిలిస్తారు ఇంకొకరు. ఏ బదులు ఈ పెడతారు మరొకరు. ఎస్, కే రెండక్షరాలతో సరిపెట్టేస్తారు కొందరు. మహమ్మద్ సంగతి చెప్పనే అక్కర్లేదు, పూర్తిగా రాసినవాళ్లు ఒక రకం, ఎం, డీ అని రాసినవాళ్లు ఇంకో రకం. బేగం, బీ, బీబీ, ఖాతూన్ ఒక కాగితంలో ఉంటే ఇంకో కాగితంలో ఉండవు. పైగా మన ఆంధ్రాలో షేక్ ముందు వస్తుంది, ఇంటిపేరులాగా. ఫారంలో ఇంటిపేరు గడి చివర ఉంటుంది. నింపేవాడు తనకి తోచినట్టు నింపుతాడు.

దీన్ని పిల్లలకి ఇలా చూపిస్తాను. ప్రతి ఒక్కరూ తన పేరుని మూడు లిపుల్లో టైప్ చేయాలి: తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు. ఉర్దూకి మారగానే కర్సర్ కుడివైపుకి ఎగిరి అక్కణ్ణుంచి ఎడమకి నడుస్తుంది. హిందూ పిల్లలకి కూడా అది భలే షౌక్. తర్వాత చెబుతాను: కంప్యూటర్‌కి శబ్దం వినపడదు, అక్షరం కూడా తెలీదు, దానికి తెలిసింది అంకె ఒక్కటే. ఇంగ్లీషు పెద్ద ఏకి అది వాడే అంకె 65. మన తెలుగు అకి 3077. ఉర్దూ అలిఫ్‌కి 1575. యూనికోడ్ అనే పట్టీలో ప్రపంచంలోని అక్షరాలకి ఇలా అంకెలిచ్చారు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగూ ఉంది, అరబీ లిపీ ఉంది. కాబట్టి ఆధార్‌లో షేక్ చివర హెచ్ ఉండి, స్కూల్ రికార్డులో లేకపోతే, మనకి ఒకే మనిషి, కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు.

ఈ పాఠం అయ్యాక ఇంటికి పని ఇస్తాను. ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, స్కూల్ రికార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ ముందేసుకుని ఒక్కో అక్షరం పోల్చి పట్టిక చేసుకు రావాలి. పిల్లలు స్ప్రెడ్‌షీట్ నేర్చుకునేది ఈ పట్టికతోనే. 2024లో విద్యార్థులందరికీ అపార్ ఐడీలు చేయమన్నప్పుడు ఆధార్‌కీ స్కూల్ రికార్డుకీ పేరు కలవక ఆగిపోయిన ఫైళ్లు మా దగ్గర కట్టలు కట్టలు. అందులో మన పిల్లలవే ఎక్కువ. పదో తరగతి నామినల్ రోల్ వెళ్లకముందే ఇది దిద్దుకోవాలి. టెన్త్ మెమో మీద ఏ పేరు పడితే అదే జీవితాంతం వెంట వస్తుంది. మీ ఇంట్లో ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి బిడ్డ ఉంటే ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మెషీన్లు రాలేదని అనలేం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ హైస్కూళ్లకి కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. ఐదేళ్ల ఒప్పందం తీరాక నేర్పే టీచర్లు వెళ్లిపోయారు. 2022 డిసెంబర్ 21న ప్రభుత్వ స్కూళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ ట్యాబులు పంచడం మొదలైంది. అన్నీ కలిపి ఐదు లక్షలకి పైనే. పక్క వీధి సర్కారీ స్కూల్ పిల్లలు కొందరు ఆ ట్యాబులు పట్టుకుని నా ఆదివారం క్లాసుకి వచ్చేవాళ్లు. పాఠాల వీడియోలు చూడటం వాళ్లకి బాగా వచ్చు. ఒక అర్జీ రాసి, దాన్ని దాచుకుని, మళ్లీ వెతికి తీసి పంపడం రాదు. చూడటం వేరు, చేయడం వేరు. చేయించడానికి పక్కన ఒక మనిషి కావాలి.

ఇప్పుడు పెద్దవాళ్ల సంగతి. మొదటి ఆదివారం ఒక దాదీమా మౌస్ పట్టుకుని జరిపి జరిపి బల్ల అంచుకి వచ్చేసింది. బాణం గుర్తు ఇంకా తెర మధ్యలోనే ఉంది. "బేటా, ఇక్కడితో బల్ల అయిపోయింది. ఇప్పుడెలా?" అంది. మౌస్ ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఎవరికీ అంతకుముందు చెప్పలేదు. ఆమె అడిగాక అది నా మొదటి పాఠం అయింది.

ఆదివారం క్లాసుకి నేను పెట్టిన కానూన్ ఒక్కటే. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఒక్కొక్క బుజుర్గ్ పక్కన నిలబడతారు. చేతులు వెనక్కి కట్టుకోవాలి. నోటితో చెప్పాలి, మౌస్ ముట్టకూడదు, ఫోను లాక్కోకూడదు. ఇది పిల్లలకి చాలా కష్టం. ఇంట్లో మనం చేసేది దీనికి ఉల్టా కదా. "ఇటివ్వు నానీ, నేను చేస్తా" అని ఫోను తీసుకుంటాం, రెండు సెకన్లలో పని అయిపోతుంది, నానీకి ఏమీ రాదు. రేపు మళ్లీ మన కోసం కూర్చుంటుంది. ఒక అబ్బాయి అయితే మూడు ఆదివారాలు చేతులు నలుపుకుని, పెదాలు కొరుక్కుని నిలబడ్డాడు. నాలుగో ఆదివారం వాళ్ల నానీ తనంతట తానే సౌదీలో ఉన్న కొడుక్కి తెలుగులో మెసేజ్ పెట్టింది. నోటితో చెబితే రాసుకునే మైకు గుర్తు నొక్కి, "తిన్నావా" అని ఒకే ఒక మాట. కొడుకు వెంటనే ఫోన్ చేసి, "అమ్మీ, ఎవరు పెట్టారు ఇది?" అని అడిగాడు. "నేనే" అంది. ఆ అబ్బాయి ముఖం చూడాలి అప్పుడు.

పెద్దవాళ్లలో ఉండేది బద్ధకం కాదు, ఖౌఫ్. ఏదో నొక్కితే డబ్బు పోతుందని భయం. ఆ భయం పూర్తిగా తప్పని నేను చెప్పను. అందుకే మూడు మాటలు కంఠస్థం చేయిస్తాను. డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగారంటే డబ్బు పోతోందని అర్థం. ఓటీపీ అమానత్, ఫోన్‌లో ఎవరడిగినా చెప్పకూడదు. డిజిటల్ అరెస్టు అనేది మన కానూన్‌లో లేదు, వీడియో కాల్‌లో పోలీసు టోపీ చూసి వణకొద్దు. మోసపోయామని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఒకామె ఈ నంబరుని వంటింట్లో పప్పు డబ్బా మీద బొగ్గుతో రాసుకుంది.

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ పెట్టింది. పల్లెల్లో ఇంటికొకరికి 20 గంటల తాలీమ్. 2024 మార్చితో అది ముగిసింది. మంచి పథకమే, కానీ వయసు 14 నుంచి 60 దాకా. మా దాదీమాలు ఆ గీతకి అవతల ఉన్నారు. పెన్షన్ వాళ్లకే కదా వచ్చేది. ఏళ్ల తరబడి అంట్లు తోమి, బట్టలు ఉతికి వేలి రేఖలు అరిగిపోతే మెషీను వేలిముద్ర తీసుకోదు. అప్పుడు మళ్లీ ఓటీపీ. మళ్లీ అదే సవాల్, ఎవరి ఫోనుకి?

2025 జనవరి 30న మన రాష్ట్రంలో మన మిత్ర వచ్చింది. వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు, బిల్లులు, హాల్ టికెట్లు. హజ్‌కి వెళ్లేవాళ్లకి 2024లో హజ్ సువిధా యాప్ వచ్చింది. 2025 జూన్ 6న వక్ఫ్ ఆస్తుల కోసం ఉమీద్ పోర్టల్ మొదలైంది, ఆరు నెలల్లో వివరాలు ఎక్కించమన్నారు. ఆ కానూన్ మీద ఎవరి రాయ్ వాళ్లది. కాగితాలు ఎక్కించే భారం మాత్రం ముతవల్లీల నెత్తిన పడింది. ఒక పెద్దాయన గుడ్డ సంచిలో మడతలు పడిన పాత దస్తావేజులు తెచ్చి బల్లమీద పెట్టి, "అమ్మా, వీటిని కంప్యూటర్లో పెట్టాలంట" అన్నారు. మా పదో తరగతి పిల్లలు ఒక్కో పేజీ వెలుతురులో పెట్టి ఫోటో తీసి, వరసగా పేర్లు పెట్టి, సైజు తగ్గించి దాచారు. మీట మాత్రం ఆయన చేతే నొక్కించారు. ఆ పిల్లలకి నేను ఎన్ని రోజులు చెప్పినా అంటని పాఠం ఆ మధ్యాహ్నం అంటింది.

ఒక్క ఊళ్లో ఒక్క గదితో ఏమవుతుంది అంటారా? కేరళలో మలప్పురం జిల్లా ఉంది, మన వాళ్లు ఎక్కువగా ఉండే జిల్లా. 2002లో అక్కడ అక్షయ అని పథకం మొదలుపెట్టారు. ప్రతి ఇంట్లో కనీసం ఒకరికి కంప్యూటర్ రావాలి, నేర్పే చోటు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. 2004లో దేశంలోనే మొదటి ఈ-సాక్షర జిల్లా అనిపించుకుంది. 2025 ఆగస్టు 21న కేరళ మొత్తం డిజిటల్ సాక్షరత సాధించినట్టు ప్రకటించుకుంది. అక్కడ వయసు గీత గీయలేదు. నేర్చుకున్నవాళ్లలో వందేళ్లు దాటిన అబ్దుల్లా మౌల్వీ బాఖవీ కూడా ఉన్నారు. ఆయన పేరు చెప్పినప్పటి నుంచి మా క్లాసులో "నాకు ఉమ్ర్ అయిపోయింది" అనే మాట తగ్గింది.

ఒక ముష్కిల్ ఇంకా ఉంది. ఆడపిల్లకి ఫోన్ ఎందుకు, కంప్యూటర్ ఎందుకు అనే మాట. ఒక తండ్రి వచ్చి కూతుర్ని క్లాసు మాన్పిస్తానన్నారు. పక్క ఊళ్లో ఎవరో అమ్మాయి ఫోటో ఎత్తుకెళ్లి పాడు చేశారంట, అది విన్నారు. ఆయన ఫికర్ ఉత్తిది కాదు, అలాంటివి జరుగుతున్నాయి. "సరే భాయ్, ముందు భాభీని పంపండి" అన్నాను. ఆమెకి ఫోటో ఎవరికి కనపడాలో ఎలా పెట్టుకోవాలో, తెలియనివాళ్ల మెసేజ్ ఎలా ఆపాలో, ఎవడైనా బెదిరిస్తే చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి ఎలా ఫిర్యాదు చేయాలో నేర్పాను. నెల తర్వాత ఆ తల్లే కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఇంటి తలుపుకి గడియ పెట్టడం నేర్పిస్తాం గానీ ఇల్లే వద్దనం కదా అంది వాళ్లాయనతో. ఇప్పుడు ఆ అమ్మాయి మస్జిద్ కమిటీ జమాఖర్చు పట్టిక చేసి పెడుతోంది. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మాన్పించలేదు కూడా.

మీ ఊళ్లో కూడా ఆదివారం తాళం పడి ఉండే స్కూల్ గది ఒకటి ఉంటుంది. మదర్సాలో రెండు పాత కంప్యూటర్లుంటాయి. బీటెక్ చదివే కుర్రాడో డిగ్రీ చదివే అమ్మాయో ఉంటారు. ఈ మూడింటినీ కలపడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. అడిగేవాళ్లు కావాలి. జుమా రోజు నలుగురు కలిసి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లండి. కరెంటు బిల్లు మేం చూసుకుంటామని ముందే చెప్పండి.

అదయ్యేలోపు ఇంట్లో మీరు చేయగలిగింది ఉంది. ఈ రాత్రి ఇషా అయ్యాక ఇంట్లోవాళ్లందరి ఆధార్ కార్డులూ తీయండి. ఎవరి కార్డుకి ఏ నంబరు ఉంది, ఆ నంబరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఒక కాగితం మీద రాయండి. పేరులో అక్షరాలు పోల్చండి. ఫర్క్ కనిపిస్తే రేపే దిద్దుకునే పని మొదలుపెట్టండి. అమ్మీకి, నానీకి వచ్చిన మెసేజ్ వాళ్లనే చదవనివ్వండి, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నా సరే, కొంచెం సబర్ పట్టండి. ఫోను మాత్రం చేతిలోంచి తీసుకోకండి.

మా ఇంటర్ అమ్మాయి ఈ ఏడు తన ఫారం తనే నింపుకుంది, తన నంబరుతో. ఇంకా డబ్బు రాలేదు. వస్తే మెసేజ్ తనకే వస్తుంది. దువా చేయండి.